డకోటా నోటుపుస్తకాల కోసం కేసరపల్లి దాకా

ఒకప్పుడు బేగంపేట హ్యాంగర్‌లో డకోటా విమానాలకు ఇంజిన్ మెకానిక్‌గా పనిచేసిన పెద్దాయన ఒకరు ఇప్పుడు గన్నవరం విమానాశ్రయం పక్కనున్న కేసరపల్లిలో ఉంటున్నారని మా మేనమామ చెప్పినప్పటి నుంచి ఆయనను కలవాలని ఉంది. ఆయన దగ్గరున్న నోటుపుస్తకాలు, ఫొటోలు చూసి, ఒప్పుకుంటే నకళ్లు తీసుకోవాలని ఒక ఆదివారం ఉదయం గుంటూరు నుంచి బయలుదేరాను. మంగళగిరి, కనకదుర్గ వారధి, బెంజి సర్కిల్ దాటి, రామవరప్పాడు రింగ్ దగ్గర ఏలూరు దారి పట్టేసరికి ఎండ ముదిరింది.

గన్నవరం విమానాశ్రయం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక స్థావరం. మన దేశంలోకి డకోటాలు పెద్ద సంఖ్యలో వచ్చింది కూడా ఆ యుద్ధం వల్లనే. డగ్లస్ కంపెనీ తయారుచేసిన డీసీ-3 ప్రయాణికుల విమానం 1935 డిసెంబర్ 17న అమెరికాలోని శాంటా మోనికాలో తొలిసారి ఎగిరింది. దాని సైనిక రూపాలనే డకోటా అన్నారు. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన వాటిలో చాలా వాటిని బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వారు సీట్లు బిగించి ప్రయాణికుల విమానాలుగా మార్చారు. నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో 1945లో ఏర్పడి, బేగంపేట కేంద్రంగా నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ కూడా డకోటాలనే నడిపింది. 1953లో జాతీయీకరణ జరిగినప్పుడు ఆ సంస్థ, దానితోపాటు విమానాలు, మనుషులు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయారు. మన పెద్దాయన అందులో చేరింది అరవయ్యో దశకంలో.

"రా నాయనా, ముందు మంచినీళ్లు తాగు" అంటూ కూర్చోబెట్టి, ఆయన అట్ట ఊడిపోయిన మూడు నోటుపుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. అవి కంపెనీ లాగ్‌బుక్కులు కావు. పని నేర్చుకునే రోజుల్లో ఆయన తన కోసం రాసుకున్నవి. ఏ తేదీన ఏ నంబరు ఇంజిన్‌ను ఏ విమానం నుంచి దించారో, ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) తర్వాత దాన్ని మళ్లీ దేనికి బిగించారో అందులో వరుసగా ఉంది. విమానానికి ఒక లాగ్‌బుక్, ప్రతి ఇంజిన్‌కు ఒకటి, ప్రతి ప్రొపెల్లర్‌కు ఒకటి వేరుగా ఉంటాయి కనుక, ఒక డకోటా చరిత్ర పూర్తిగా తెలియాలంటే ఆ కాగితాలన్నీ కలిపి చదవాలి. రిజిస్ట్రేషన్ అక్షరాలు చేతులు మారినప్పుడల్లా మారవచ్చు గానీ, తయారీదారు వేసిన సీరియల్ నంబరు మారదు. యుద్ధంలో సరుకులు మోసిన విమానమూ, తర్వాత మద్రాసుకు ప్రయాణికులను చేరవేసిన విమానమూ ఒకటేనని తేల్చగలిగేది ఆ నంబరే.

"పొద్దున్నే స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి. రాత్రంతా ఆయిలు కింది సిలిండర్లలోకి దిగి ఉంటుంది. చూసుకోకుండా స్టార్ట్ చేశామా, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది" అని ఆయన చేతులతో తిప్పి చూపించారు. రెండు వరుసల్లో ఏడేసి చొప్పున పద్నాలుగు సిలిండర్లు, 1,200 హార్స్‌పవర్ ఉన్న ట్విన్ వాస్ప్ ఇంజిన్ అది. ఏ బ్లేడు దగ్గర చేతికి బరువు తగలాలో, ఎంత తగిలితే అనుమానించాలో ఆయన చెబుతుంటే, మాన్యువల్‌లోని ఒక వాక్యం వెనుక ఎంత అనుభవం ఉంటుందో అర్థమైంది. అదంతా వీడియో తీశాను. నా దృష్టిలో ఆ రోజు దొరికిన వాటిలో అత్యంత విలువైనది అదే.

ఒడిశా మాజీ ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ స్థాపించిన కళింగ ఎయిర్‌లైన్స్ డకోటా గురించి ఆయనే అడిగారు. కోల్‌కతా విమానాశ్రయంలో దశాబ్దాలు పడి ఉన్న ఆ విమానాన్ని (రిజిస్ట్రేషన్ వీటీ-ఏయూఐ) విడదీసి, 2023 జనవరిలో లారీల మీద భువనేశ్వర్ చేర్చారు. రెక్కల బయటి భాగాలు మధ్య భాగానికి వందల బోల్టులతో బిగించి ఉంటాయి కనుక వాటిని కోయకుండా విప్పవచ్చునని ఆయన వివరించారు. ఆరుబయట నిలబెట్టిన డకోటాలో ముందుగా పాడయ్యేవి రడ్డర్, ఎలివేటర్లు, ఏలెరాన్లు, అంటే విమానాన్ని అదుపు చేయడానికి తోక మీద, రెక్కల అంచున ఉండే కదిలే పలకలు. వాటికి పైన ఉండేది గుడ్డ. తర్వాత నీరు నిలిచే మూలల్లో, పావురాల రెట్ట పడిన చోట అల్యూమినియం చివికిపోతుంది. "రంగు వేసే ముందు పాత రంగుల పొరలు ఫొటో తీయమను" అని ఆయన గట్టిగా చెప్పారు. గీకేస్తే, ఏ సంస్థ ఎప్పుడు నడిపిందో చెప్పే సాక్ష్యం పోతుంది. మెరిసే విమానాన్ని చూసి సంతోషించేవారు చాలామంది ఉంటారు గానీ, ఈ మాట అడిగి తెలుసుకునేవారు తక్కువ. కాపాడే పని లోహంతో మొదలుపెట్టి కాగితాలను, మనుషులను చివరికి వదిలేయడం నాకు సరికాదనిపిస్తుంది. లోహం ఇంకో పదేళ్లు ఆగుతుంది, ఎనభై దాటిన మెకానిక్కులు ఆగరు.

భోజనం పెట్టకుండా పిన్ని గారు కదలనివ్వలేదు. తర్వాత నోటుపుస్తకాల ప్రతి పేజీనీ వెలుతురు సమంగా పడేలా వరండాలో పెట్టి ఫొటో తీశాను. హ్యాంగర్ ముందు తీసిన ఒక గ్రూప్ ఫొటోలో వెనక వరుసలో ఉన్నవారి పేర్లు ఆయనకు గుర్తురాలేదు. వారితో పనిచేసిన రేడియో మెకానిక్ ఒకరు తెనాలిలో ఉన్నారట. ఆయనకు అప్పుడే ఫోన్ చేసి, వచ్చే ఆదివారం ఫొటో ప్రింటుతో వస్తానని చెప్పాను.