దుమ్ము అంటని పాదాలు

జింబాబ్వేలోని బులవాయోలో సొలూసీ వెళ్లే కోంబీ, అంటే షేర్ వ్యాను, నిండితేగాని కదలదు. ఎండలో గంటన్నర కూర్చోబెట్టారు. పైగా నా బ్యాగుకు విడిగా డబ్బులు, అదీ అమెరికన్ డాలర్లలో! చిల్లర అడిగితే లేదన్నారు. మా నూజివీడు ఆటోవాళ్లే నయమనిపించింది.

చిరాగ్గా కూర్చున్న నాకు పక్కసీట్లో పెద్దావిడ ఉడకబెట్టిన మొక్కజొన్న కండె సగం విరిచి ఇచ్చింది. అవ్వను అక్కడ గోగో అంటారు. "సొలూసీకా? అది మా ఊరే బాబూ" అంది.

నేను పెరిగింది నూజివీడులో అడ్వెంటిస్టు క్రైస్తవుల ఆస్పత్రి పక్క వీధిలో. సబ్బాతు బడిలో విన్న ఆఫ్రికా కథల్లో ఎప్పుడూ దేవదూతలుండేవారు, తెల్లబట్టల్లో మిషనరీల ఇంటిచుట్టూ కావలి కాస్తూ. ఆ కథల నేల చూడాలనే వచ్చాను. 1894లో సొలూసీలో అడ్వెంటిస్టులు మిషన్ పెట్టారని, సెసిల్ రోడ్స్ అనే ఆంగ్లేయుడి కంపెనీ 12,000 ఎకరాలిచ్చిందని బళ్లో చెప్పారు. అంతకు ముందు ఏడాదే ఆ కంపెనీ యుద్ధం చేసి అక్కడి న్డెబెలె ప్రజల దగ్గర లాక్కున్న నేల అది అని మాత్రం చెప్పలేదు. 1896లో వాళ్లు తిరగబడితే మిషనరీలు బులవాయోకు పారిపోయారు. పశువుల తెగులుకు మందలు చచ్చాయి, కరువొచ్చింది. తిరిగొచ్చిన మిషనరీలు ఆకలితో ఉన్న పిల్లల్ని చేరదీశారు.

"వాళ్లలో మా నాయనమ్మ ఒకతె" అంది గోగో. "జ్వరంతో పడుకున్న రాత్రి ఎవరో వచ్చి తన పక్కన నిలబడ్డారట. మొహం గుర్తులేదు. పాదాలు గుర్తున్నాయి. ఆ కరువులో దుమ్ము లేని కాళ్లు ఎవరికున్నాయి? ఆ పాదాలకు మాత్రం రవ్వంత కూడా అంటలేదట. చచ్చిపోయేదాకా అదే చెప్పేది."

నేను నమ్మాను. అయినా గొంతులో ఉన్నది అడిగేశాను: మరి 1898లో మలేరియాకు ఇక్కడి మిషనరీలు ట్రిప్ గారు, ఆయన కొడుకు, డాక్టర్ కార్మైకేల్ పోయారే, ఆ రాత్రుల్లో ఎవరూ రాలేదా?

గోగో చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. "నాయనమ్మ కూడా అదే అడిగేది. ఆవిడకు బతుకు దొరికింది, వాళ్లకు ఎందుకు దొరకలేదని. ప్రార్థనలో ఏడ్చేది."

దిగాక సామాను చెట్టుకింద పెట్టి, నా కంటే ముందు తనే సమాధుల వైపు నడిచింది. వంగి, ఒక రాతిమీది దుమ్మును పైగుడ్డ అంచుతో తుడిచింది. ఇంకోవైపు నేను తుడిచాను.