కొలనులో ఈత, ఏటిలో లెక్క

ధనుర్మాసం, ఆదివారం

వీధిలో ముగ్గులు పడేలోపే ఈతకొలను. వచ్చే ఆదివారం విజయవాడలో కృష్ణ దాటే ఈత ఉంది కాబట్టి ఈరోజు గడియారంతో పని లేదు, కళ్లు మూసుకుని ఈదడమే. ఖాళీ వరసలో పది బారలు కళ్లు మూసుకుని వేసి, తెరిచి చూడాలి. ఎటువైపు తాడు తగిలిందో గుర్తుపెట్టుకోవాలి. ఎప్పుడూ ఒకే పక్క ఊపిరి తీసుకునేవాళ్లు చాలామంది ఓ పక్కకు లాగుతారు. తల తిప్పిన క్షణంలో ముందున్న చెయ్యి ఒంటి నడిమధ్యను దాటి లోపలికి జారడమే కారణం. కొలను అడుగున నల్ల గీత ఈ తప్పును కప్పిపెడుతుంది. ఏటిలో గీత కాదు కదా, అడుగే కనిపించదు.

తర్వాత తల ఎత్తే సాధన. ఏడెనిమిది బారలకొకసారి, మొసలి మాదిరి కళ్లద్దాలు మాత్రమే నీళ్లపైకి. నోరు కూడా పైకి తెస్తే నడుము కుంగుతుంది, కాళ్లు దిగుతాయి, వేగం పోతుంది. ముందు చూపు, ఆ తర్వాత పక్కకు తిరిగి ఊపిరి. రెండూ ఒక్కసారే చేయబోయినవాళ్లే నీళ్లు మింగేది.

తిరుపతిలో ఉండి ఏటి ఈతకు తయారవడమంటే ఇంతే మరి. స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. వస్తే ఎట్లా వస్తుందో 2021 నవంబరు వరదలో ఊరంతా చూసింది. కల్యాణి డ్యాంవి తాగే నీళ్లు. సత్యవేడు వైపు పారే తెలుగుగంగ కాలువా ముఖ్యంగా చెన్నై దాహం తీర్చడానికే. పైగా సిమెంటు చేసిన ఏటవాలు గట్టుకు పాచి పడితే చెయ్యి ఆనదు, కాలు నిలవదు. ఈత బాగా వచ్చినవాళ్లకు కూడా కాలువలో ప్రమాదం అక్కడే: దిగడం సులువు, ఎక్కలేక అలసిపోతారు. అందుకే కాలువలో పోటీ పెట్టేవాళ్ల పని చూడాలంటే పడవల్ని కాదు, నిచ్చెనల్ని లెక్కపెట్టాలి. గమ్యం దాటిపోయినవాళ్లు పట్టుకోవడానికి కాలువకు అడ్డంగా తాడు ఉందా, అది లాకులకు చాలా ముందే ఉందా అని అడగాలి. కాలువలో వేగం నడిమధ్యనే ఎక్కువ. వాలుకు పోతే మధ్యలో, ఎదురీతకు గట్టు పక్కన.

మధ్యాహ్నం కాగితం మీద కృష్ణ లెక్క. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. దానికి ఎగువన నీళ్లు నిలబడినట్టే ఉంటాయి, గేట్లు ఎత్తితే మాత్రం కదులుతాయి. కాబట్టి ఆ పొద్దున రేవులోనే కొలవాలి: గట్టు వెంట పది మీటర్లు అడుగులతో కొలిచి, ఎండుపుల్ల విసిరి, ఎన్ని సెకన్లకు దాటిందో చూడాలి. నలభై సెకన్లయితే సెకనుకు పావు మీటరు. గట్టు దగ్గర ఇంత ఉంటే మధ్యలో ఇంకాస్త ఎక్కువే. వంద మీటర్లు రెండు నిమిషాల్లో ఈదేవాళ్లకు కిలోమీటరు వెడల్పు దాటడానికి ఇరవై నిమిషాలు. అంతలో ప్రవాహం కనీసం 300 మీటర్లు కిందికి తోసేస్తుంది. గమ్యానికి ఎగువన మూడు వందల మీటర్ల దూరంలో ఉన్నదాన్ని గురిపెట్టి బయల్దేరితేనే అనుకున్న రేవు.

గమ్యాన్నే చూస్తూ ఈదేవాళ్లకు ఇది అర్థం కాదు. కొట్టుకుపోయే కొద్దీ తల ఎగువకు తిప్పుతుంటారు, దారి కొడవలిలా వంగుతుంది, చివరి వంద మీటర్లు పూర్తిగా ఎదురీతే. సత్తువ అయిపోయిన చోట! దీనికి పాత పడవవాళ్ల కిటుకే మందు. అవతలి గట్టున ఒక స్తంభం, దాని వెనక దూరంగా ఒక గోపురమో నీళ్ల ట్యాంకో ఒకే వరసలో చూసుకోవాలి. వెనకది ఎటు జరిగినట్టు కనిపిస్తే మనం అటే కొట్టుకుపోతున్నాం.

సాయంత్రం సంచి సర్దడం. గాలి బెలూన్‌ను నడుముకు పట్టీతో కట్టుకుని వెనక లాక్కుపోతాం. మన పల్లెల్లో బావి ఈత నేర్పేటప్పుడు పిల్లల వీపుకు కట్టే కిత్తనార బెండుకు ఇది చుట్టమే, కానీ పని వేరు. బెండు మనిషిని తేలుస్తుంది. ఈ బెలూన్ మనిషి ఎక్కడున్నాడో పడవవాళ్లకు చూపిస్తుంది. పట్టుకుని కాసేపు అలుపు తీర్చుకోవచ్చు గానీ, స్పృహ తప్పినవాడి ముఖాన్ని నీళ్లపైన ఉంచదు. లైఫ్ జాకెట్ అనుకోకూడదు. నారింజ రంగు టోపీ. సూర్యుడికి ఎదురుగా ఈదాలి గనక నల్ల అద్దాలు. మెడకూ చంకలకూ వ్యాసలీన్, అదీ అద్దాలు పెట్టుకున్నాకే, లేకుంటే వేళ్ల జిడ్డు అద్దాలకు అంటి ముందు ఏమీ కనబడదు. గోళ్లు తీసెయ్యాలి, మొదటి యాభై మీటర్ల తొక్కిసలాటలో పక్కవాళ్ల వీపు మీదికే పోతాయవి. నెమ్మదిగా ఈదేవాళ్లు పది సెకన్లు ఆగి, ఎగువ పక్క నుంచి దిగితే తోపులాటా తప్పుతుంది, ప్రవాహమూ కలిసొస్తుంది.

గుర్రపు డెక్క కాళ్లకు చుట్టుకుంటే తన్నకూడదు, తన్నేకొద్దీ బిగుస్తుంది. కాళ్లు కదపకుండా చేతులతో వెనక్కి పాకాలి. పిక్క పట్టేస్తే వెల్లకిలా తిరిగి కాలి వేళ్లను తనవైపు లాక్కోవాలి. చెయ్యి ఒకటి నిటారుగా ఎత్తితే పడవ రావాలి. ఈ గుర్తు దిగకముందే అందరికీ చెప్పని చోట దిగకపోవడమే మేలు.

మురుగు సంగతి. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లోనే సీన్ నది నీళ్లు బాగాలేక సాధన ఈతలు ఆపేశారు, మన ఏర్ల గురించి చెప్పేదేముంది. వాన పడ్డాక రెండు రోజులు మురుగు ఎక్కువ. ఒంటి మీద మానని గాయం ఉంటే నీళ్లు చొరని పట్టీ వెయ్యాలి, పెద్దదైతే మానుకోవాలి. ఈత తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి వస్తే ఏటిలో ఈదిన సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో అంటే ఎలుక జ్వరమేమో చూస్తారు.

బెలూన్ ఊది బకెట్లో ముంచితే మూతి దగ్గర సన్నగా బుడగలు. బిరడా మార్చి మళ్లీ ముంచాలి. రైలు శనివారం రాత్రి.