సొంతంగా బిగించిన పీసీలో క్రాష్‌లు: ఇప్పటిదాకా తేలినవి

ముందు సిస్టమ్ వివరాలు. ఆరు కోర్ల ప్రాసెసర్, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్‌లు నాలుగు (రెండేసి చొప్పున వేర్వేరుగా కొన్న రెండు కిట్లు), రెండు 8 పిన్ కనెక్టర్లున్న గ్రాఫిక్స్ కార్డ్, 650 వాట్ల మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడదీయగల) పవర్ సప్లై, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11. చాలాకాలం ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. రెండో ర్యామ్ కిట్, కొత్త గ్రాఫిక్స్ కార్డ్ కొద్ది తేడాలో చేరాయి, ఆ తర్వాత క్రాష్‌లు మొదలయ్యాయి. బ్రౌజర్‌లో ఏదో చదువుకుంటుంటే నీలి తెర (విండోస్ ఆగిపోయి ఎర్రర్ కోడ్ చూపించే తెర). గేమ్ ఆడుతుంటే తెర నల్లబడి దానంతట అదే రీస్టార్ట్.

శనివారం ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆపేయడంతో మొదలుపెట్టాను. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్‌కి వెళ్లి ఆ టిక్కు తీసేస్తే, నీలి తెర వచ్చినప్పుడు అలాగే నిలబడి ఉంటుంది. కోడ్ తీరిగ్గా రాసుకోవచ్చు. తర్వాత విండోస్ తన లాగ్‌ని చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. ప్రతి క్రాష్‌కీ కెర్నల్-పవర్ 41 అనే ఎంట్రీ ఉంది. పేరులో పవర్ అని ఉండేసరికి పవర్ సప్లై పోయిందని చాలామంది తీర్మానించేస్తారు. నిజానికి, కిందటిసారి సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మళ్లీ బూట్ అయినప్పుడు విండోస్ రాసుకునే నోట్ మాత్రమే అది. పనికొచ్చే సమాచారం డీటెయిల్స్ ట్యాబ్‌లో, బగ్‌చెక్‌కోడ్ అన్న చోట ఉంటుంది. అక్కడి అంకె డెసిమల్‌లో కనిపిస్తుంది కాబట్టి హెక్సాలోకి (16 ఆధారంగా ఉండే సంఖ్యా పద్ధతిలోకి) మార్చుకోవాలి. 26 అంటే హెక్సాలో 1ఏ, అది మెమరీ మేనేజ్‌మెంట్ ఎర్రర్. 80 అంటే హెక్సాలో 50, పేజ్ ఫాల్ట్. అక్కడ 0 ఉంటే నీలి తెర కోడ్ ఏదీ నమోదు కాలేదని అర్థం: కరెంట్ ఒక్కసారిగా తెగిపోయినా, సిస్టమ్ పూర్తిగా బిగుసుకుపోయినా అలాగే కనిపిస్తుంది.

నా లాగ్‌లో బ్రౌజర్ క్రాష్‌లకి కోడ్‌లు ఉన్నాయి, అవీ ఒకసారి వచ్చింది మరోసారి రాకుండా మారుతున్నాయి. గేమ్ క్రాష్‌లన్నిటికీ 0. ఇక్కడే నా ఆలోచన మారింది. ఒకే శరీరంలో రెండు జబ్బులుంటే ఒకదానికి వేసిన మందు పనిచేసినా రెండోదాని వల్ల జ్వరం తగ్గదు, మందే మంచిది కాదనుకుంటాం. అందుకని నోట్‌బుక్‌లో బ్రౌజర్ క్రాష్‌లకి ఒకటి, గేమ్ క్రాష్‌లకి ఒకటి చొప్పున రెండు పేజీలు విడగొట్టి, ఒక దాని క్రాష్‌ని రెండో దాని లెక్కలో వేయకూడదని నిర్ణయించుకున్నాను.

ముందు ర్యామ్ పేజీ. కోడ్‌లు నిలకడ లేకుండా మారుతుంటే మెమరీని అనుమానించడం సహజం. డ్రైవర్ తప్పయితే మామూలుగా ఒకే కోడ్, ఒకే ఫైల్ పేరు మళ్లీ మళ్లీ వస్తాయి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి, ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని కిట్ మీద రాసిన వేగంతో నడిపే మదర్‌బోర్డ్ సెట్టింగ్) 3600 ఆన్‌లో ఉంచి నడిపితే కాసేపటికే ఎర్ర గీతలు వచ్చాయి. ఎక్స్‌ఎంపీ ఆపేసి 2666 దగ్గర రాత్రంతా నడిపితే ఒక్క ఎర్రర్ కూడా లేదు. అంతమాత్రాన స్టిక్‌లు చెడిపోయాయని చెప్పలేం. ఒక్కో కిట్‌ని విడిగా, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండు, నాలుగు స్లాట్లలో పెట్టి 3600 దగ్గర మళ్లీ పరీక్షించాను. రెండు కిట్లూ శుభ్రంగా పాసయ్యాయి. అంటే విడివిడిగా అన్నీ బాగున్నాయి, నాలుగూ కలిసి ఆ వేగంలో నడవడం ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌కి భారమైంది. ఎక్స్‌ఎంపీ అనేది కూడా ఒకరకంగా ఓవర్‌క్లాకే (ప్రమాణం కంటే ఎక్కువ వేగంతో నడపడమే), పైగా ఆ ప్రొఫైల్ ఆ కిట్ ఒక్కదాన్నే దృష్టిలో పెట్టుకుని రాసింది. రెండు కిట్లు కలిపితే ఆ భరోసా ఉండదు. ఇప్పుడు నాలుగు స్టిక్‌లనీ 3200కి దించి, వోల్టేజ్ 1.35 దగ్గరే ఉంచాను. మెమ్‌టెస్ట్ నాలుగు పాస్‌లూ దాటింది.

విండోస్ ఫైళ్ల రిపేర్ ఆ తర్వాతే చేశాను. ఈ వరస నా దృష్టిలో చాలా ముఖ్యం. ర్యామ్ తప్పు అంకెలు ఇస్తున్నప్పుడు రిపేర్ మొదలుపెడితే బాగున్న ఫైళ్లు కూడా పాడయ్యే ప్రమాదం ఉంది. మెమరీ కుదుటపడ్డాక విండోస్ ఫైళ్లను సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కమాండ్ నడిపితే కొన్ని ఫైళ్లు చెడినట్టు చూపించి సరిచేసింది. అప్పటి నుంచి నీలి తెర రాలేదు.

ఇక రెండో పేజీ, నిజంగా టెన్షన్ పెట్టింది ఇదే.

ఉష్ణోగ్రతలు, వోల్టేజ్‌లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో లాగింగ్ ఆన్ చేసి, ఫైల్‌లో క్రాష్‌కి ముందున్న ఆఖరి వరసలు చూశాను. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ ఉష్ణోగ్రతలు రెండూ హద్దుల్లోనే ఉన్నాయి. ప్రాసెసర్ మీద భారం వేసే ప్రైమ్95 స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ పరీక్ష గంటకు పైగా నడిచింది, గ్రాఫిక్స్ కార్డ్ మీద భారం వేసే ఫర్‌మార్క్ కూడా నడిచింది. గేమ్ మాత్రం పడిపోతోంది. ఫర్‌మార్క్ లాంటి పరీక్షలు లోడ్‌ని ఎక్కువగా, కానీ స్థిరంగా ఉంచుతాయి. గేమ్‌లో సీన్ మారినప్పుడల్లా కార్డ్ లాగే కరెంట్ మిల్లీసెకన్లలో ఎగిరి పడుతుంది. ఆ ఎగుడుదిగుళ్లను పవర్ సప్లై తట్టుకోవాలి. కార్డ్ సెట్టింగ్‌లు మార్చే ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 70 శాతానికి తగ్గించగానే క్రాష్‌లు ఆగాయి. దాంతో అనుమానం కార్డ్‌కి వెళ్లే కరెంట్ దారి మీదికి మళ్లింది.

కార్డ్‌లోని రెండు 8 పిన్‌లకీ రెండు తలలున్న ఒకే కేబుల్ వెళ్తోంది. ఒక్కో 8 పిన్ కనెక్టర్ లెక్క 150 వాట్లు. రెండూ ఒకే కేబుల్ మీద ఉంటే ఆ భారమంతా దానిదే. విడివిడిగా రెండు కేబుళ్లు పెట్టి, లిమిట్ మళ్లీ 100కి తెచ్చాను. క్రాష్‌ల మధ్య ఎడం పెరిగింది కానీ అవి పోలేదు. మల్టీమీటర్‌తో 12 వోల్ట్ లైన్ చూస్తే లోడ్‌లో 11.9 దగ్గర నిలిచింది. పీసీ పవర్ సప్లైలకి ఉన్న ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 11.4 నుంచి 12.6 దాకా ఫరవాలేదు. అయితే మల్టీమీటర్ చూపించేది సగటు, మిల్లీసెకన్ల పతనం దాని కంట పడదు. కాబట్టి ఆ రీడింగ్ చూసి పవర్ సప్లై నిర్దోషి అనలేం.

ఆదివారం ఒక స్నేహితుడి 750 వాట్ల పవర్ సప్లై అడిగి తెచ్చి పెట్టాను. క్రాష్ లేదు. అక్కడితో ఆపకుండా నా పాతది తిరిగి బిగించాను, అదే గేమ్‌లో అదే చోట మళ్లీ పడిపోయింది. మార్చినప్పుడు పోవడమే కాదు, వెనక్కి మార్చినప్పుడు తిరిగి రావడం కూడా చూస్తేనే నాకు నమ్మకం కుదురుతుంది.

ఇలా అరువు తెచ్చుకుని పరీక్షించేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి: మాడ్యులర్ కేబుళ్లు కూడా ఆ యూనిట్‌వే వాడండి. పవర్ సప్లై వైపు పిన్‌ల అమరికకి ఉమ్మడి ప్రమాణం లేదు, ప్లగ్ సరిగ్గా పట్టినా లోపల వోల్టేజ్ వేరే పిన్‌కి వెళ్లి డ్రైవ్‌లు, బోర్డ్ కాలిపోవచ్చు. పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జ్ ఉంటుంది.

నా యూనిట్ వారంటీ కింద వెళ్లింది. మారుస్తారో, రిపేర్ చేస్తారో ఇంకా చెప్పలేదు. అది వచ్చేదాకా స్నేహితుడి యూనిట్‌తోనే నడుపుతున్నాను. బయాస్ (మదర్‌బోర్డ్‌లో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఒకటి వచ్చి ఉంది, మెమరీ పనితీరు మెరుగుపడుతుందని అందులో రాశారు కానీ ఇప్పుడే వేయను. ముందు తిరిగొచ్చిన పవర్ సప్లై బిగించి, ర్యామ్‌ని 3200 దగ్గరే ఉంచి, పవర్ లిమిట్ 100లో అదే గేమ్ ఆడి చూస్తాను. అది నిలబడితే బయాస్ మార్చి, నాలుగు స్టిక్‌లతో 3600 మళ్లీ ప్రయత్నిస్తాను.