హెవీ (లారీ, బస్సు) లైసెన్సు టెస్టుకు వెళ్లే తమ్ముళ్లకు, వెనక చక్రం గురించి

కారు చక్కగా నడిపే పిల్లలు హెవీ సీటెక్కాక గేర్ల దగ్గర తడబడతారనుకుంటారు చాలామంది. గేర్లు రెండు రోజుల్లో చేతికి వస్తాయి. అసలు కష్టం మూల తిరిగేటప్పుడు. కారులో ముందు చక్రం పోయిన దారినే దాదాపు వెనకది కూడా వస్తుంది. లారీలో అలా రాదు. ముందు చక్రం మూల దాటిపోయాక వెనక జంట టైర్లు లోపలికి కోసుకుంటూ వస్తాయి. బండి ఎంత పొడవుంటే అంత లోపలికి. ఎడమ మూల మీద ఒకాయన బైకు ఆపి, కాలు కింద పెట్టి ఫోన్ మాట్లాడుతుంటాడు. మీ బంపర్ ఆయన్ని దాటగానే గండం గడిచిందని కళ్లు రోడ్డు మీదికి తిప్పేస్తారు. ఆయనకు గండం అప్పుడే మొదలవుతుంది. అందుకే నేను మొదటి రోజు నుంచీ ఒకటే పట్టుకుని కూర్చుంటాను: మూల పూర్తిగా తిరిగేదాకా ఎడమ అద్దం వదలొద్దు.

నేను చాలాకాలం మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లోడు తోలాను. ఇప్పుడు ఊరి బయట ఒక డ్రైవింగ్ స్కూల్లో హెవీ నేర్పుతున్నాను. నిడమనూరు, దేవరకొండ నుంచి, అటు కల్వకుర్తి, అచ్చంపేట నుంచి కూడా పిల్లలు వస్తారు. కొందరికి ఆర్టీసీ ఉద్యోగం మీద ఆశ, కొందరికి సొంత టిప్పర్ కొనాలని ఉంటుంది. అందరూ మొదట అడిగేది ఒకటే. "అన్నా, టెస్టుల ఏం అడుగుతరు?"

ఏం చూడాలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 15వ నియమంలో రాసే ఉంది. అద్దం సరిచేసుకోవడం, ఇంజన్ స్టార్ట్ చేసే ముందు జాగ్రత్తలు, పై గేరు నుంచి త్వరగా కింది గేరుకు రావడం, ఎత్తు మీద బండి ఆపి వెనక్కి జారకుండా మళ్లీ ఎత్తుకోవడం, ఇరుకు సందులోకి కుడికైనా ఎడమకైనా రివర్స్ పెట్టడం. ఎవరు రాశారో గానీ బండి తెలిసినవాళ్లే రాశారనిపిస్తుంది నాకు. రోడ్డు మీద ప్రాణాలు పోయే చోట్లన్నీ అందులో ఉన్నాయి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇరవై ఏళ్లు నిండాలి. కారు లైసెన్సు, అదే ఎల్ఎంవీ, వచ్చి ఏడాది అయి ఉండాలి. డాక్టరు సంతకం చేసిన ఫారం 1ఏ కావాలి. లెర్నింగ్ లైసెన్సు తీసుకున్నాక 30 రోజులు ఆగి టెస్టుకు వెళ్లాలి, లెర్నింగ్ ఆరు నెలలు పనికొస్తుంది. స్కూలు నుంచి ఫారం 5 సర్టిఫికెట్ తీసుకోవాలి. 2019కి ముందు ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధన ఉండేది, దాన్ని తీసేశారు. అది మంచి పని. చదువు మధ్యలో ఆగిపోయిన ఎందరో పాలమూరు పిల్లలకు ఈ పనికి దారి దొరికింది.

ట్రాన్స్‌పోర్ట్ బండికి స్కూల్లో కనీసం 15 గంటలు స్టీరింగ్ పట్టించాలి. అందులో సగమైనా రివర్స్‌కు పోవాలని నా పట్టుదల. మా గ్రౌండులో సున్నంతో గీతలు గీసి, అటూ ఇటూ పాత టైర్లు నిలబెడతాను. లారీలో స్టీరింగ్ ఎడమకు తిప్పితే తోక ఎడమకే పోతుంది, ఇది అందరికీ త్వరగానే అర్థమవుతుంది. ట్రైలర్ అయితే తలకిందులు, ఎడమకు తిప్పితే ట్రైలర్ తోక కుడికి పోతుంది. అది తర్వాతి పాఠం. పిల్లలు మరిచిపోయేది మూతిని. తోక ఎడమకు లోపలికి పోతున్నంతసేపూ ముందు బంపర్ కుడికి ఊగుతుంది. వెనక టైరు గీత మీదే ఉందని సంబరపడుతుంటే ముందు కుడి మూల పక్క బండి అద్దం విరగ్గొట్టేస్తుంది. ఎడమ అద్దం, కుడి అద్దం, ముందు, మళ్లీ ఎడమ. కళ్లు ఇలా తిరుగుతూనే ఉండాలి, బండి మాత్రం నడిచే మనిషి కంటే నెమ్మదిగా కదలాలి. యాక్సిలరేటర్ మీద కాలు అక్కర్లేదు, క్లచ్‌తోనే పోనివ్వాలి. క్లీనర్ "రానీ, రానీ" అంటున్నా మీకు అద్దంలో క్లీనర్ కనబడకపోతే బ్రేకు తొక్కాల్సిందే. గొంతు వినబడుతోంది కదా అని వెనక్కి పోకూడదు. అతను ఎక్కడ నిలబడ్డాడో గొంతు చెప్పదు.

ఇంజన్ స్టార్ట్ చేసే ముందు జాగ్రత్తలంటే చాలామంది సీటు జరుపుకుని అద్దం తుడుస్తారు. నా దగ్గర మాత్రం దిగి బండి చుట్టూ తిరిగి, వంగి కిందికి చూడాల్సిందే. యాసంగి వడ్లు మిల్లులకు వచ్చేది నడి ఎండాకాలంలో. మధ్యాహ్నం అన్నం తిన్నాక హమాలీలకు నీడ దొరికేది లారీ కిందే. తలకింద గోనెసంచి పెట్టుకుని, వెనక చక్రాల పక్కనే నడుం వాలుస్తారు. క్యాబిన్‌లో ఎంత మెడ సాచినా వాళ్లు కనబడరు. టెస్టు రోజు కింద ఎవరూ ఉండరు, అయినా వంగి చూడండి. ఆ అలవాటు ఒంటికి పట్టాలి.

ఎక్కాక కీ తిప్పితే బజర్ మోగుతుంది. బ్రేకులను పనిచేయించే గాలి ట్యాంకుల్లో చాల్లేదని అర్థం. అది మోగుతున్నంతసేపూ గేరు రాడ్ మీద చెయ్యి పెట్టొద్దు. మీటర్ ముల్లు పైకి ఎక్కాలి. ఎయిర్ బ్రేకు బండిలో పార్కింగ్ బ్రేకు పట్టి ఉంచేది లోపలి స్ప్రింగు. గాలి ఎక్కితేనే అది వదులుతుంది. బ్రేకు ఊరికే దబదబా కొడితే ఆ గాలే ఖర్చయిపోతుంది. దిగుళ్లలో ఇది ప్రాణం మీదికి తెస్తుంది.

ఎత్తు మీద ఆపి మళ్లీ ఎత్తుకోవడానికి చెవి కావాలి. పార్కింగ్ బ్రేకు వేసి ఉంచి, ఫస్ట్ గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలండి. ఒకచోట ఇంజన్ గొంతు కాస్త బరువెక్కుతుంది, క్యాబిన్ చిన్నగా వణుకుతుంది. కాలు అక్కడే ఆపి బ్రేకు వదిలితే బండి వెనక్కి అంగుళం కూడా జారదు. తొందరపడి ముందే బ్రేకు వదిలారా, వెనకున్న ఆటో సంగతి నేను చెప్పక్కర్లేదు.

దిగుడు గురించి ఒక మాట. మన్ననూరు దాటి శ్రీశైలం పోయే దారిలో దోమలపెంట తర్వాత కృష్ణ మీది వంతెన దాకా మలుపుల్లో దిగాలి. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల లెక్క. దిగుడు మొదలవక ముందే గేరు తగ్గించుకోవాలి, బండి వేగం అందుకున్నాక కింది గేరు పడదు. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్ కొట్టించే ఓనర్లు ఇంకా ఉన్నారు. న్యూట్రల్‌లో ఇంజన్ పట్టు పోతుంది, భారమంతా బ్రేకుల మీద పడి లోపల రాపిడి పట్టే లైనర్లు కాలిపోతాయి. ఓనరు ఎంత గట్టిగా చెప్పినా వినొద్దు తమ్ముడూ. ఆ పని పోతే ఇంకో బండి దొరుకుతుంది.

టెస్టులో తప్పితే ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. తప్పాక ఆగాల్సిన రోజుల్లో హైవే మీదికి పోకండి, గ్రౌండులోనే టైర్ల మధ్య రివర్స్ కొట్టండి. వీలైతే బండిలో ఇసుక బస్తాలు వేయించుకోండి. ఖాళీ బండి ఆగే తీరు వేరు, లోడు బండి ఆగే తీరు వేరు.