కలివికోడి కోసం కనిపెట్టిన సాయంత్రాలు

క్షయవ్యాధికి మొదటి రెండు నెలలు నాలుగు మందులు, ఆ తరువాత నాలుగు నెలలు మూడు మందులు వాడితే చాలామందికి నయమవుతుందని డాక్టరుగారు చెప్పినప్పుడు, నేను ఆ ఆరు నెలలూ ఎప్పటికి పూర్తవుతాయో క్యాలెండరులో గుర్తు పెట్టుకొన్నాను. మొదటి విడత పూర్తికాకముందే నా కళ్లు పచ్చబడ్డాయి. ఆ మాత్రలే కాలేయాన్ని దెబ్బతీశాయని పరీక్షల్లో తేలడంతో వాటన్నిటినీ ఆపివేసి, కామెర్లు తగ్గిన తరువాత ఒక్కొక్క మందునే మళ్లీ మొదలుపెట్టి చూడవలసి వచ్చింది. చికిత్స ఎప్పటికి ముగుస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. ప్రార్థనకు వచ్చినవారిలో ఒకరు నా విశ్వాసంలోనే లోపం ఉందని అన్నారు. ఆ మాట కామెర్లకంటే ఎక్కువగా నన్ను కుంగదీసింది.

ఆ రోజుల్లో మా ఇంటి వెనుక చేలలో రాత్రుళ్లు తీతువు కూసేది. తీతువు కూస్తే చావు కబురు వస్తుందని మా వీధిలో అందరూ నమ్ముతారు. క్రైస్తవ కుటుంబంలో పుట్టి పెరిగినా, ఆ కూత వినబడిన ప్రతిసారీ నేను దుప్పటి ముఖం మీదికి లాక్కొనేదాన్ని.

కొంత ఓపిక వచ్చాక, గాలి మార్పు ఉంటుందని నాన్న నన్ను స్కూటరు మీద లంకమల అభయారణ్యం వైపు తీసుకువెళ్లడం మొదలుపెట్టారు. కడప జిల్లాలో కలివికోడి పేరు వినని వారు అరుదు. 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందని అందరూ వదులుకొన్న ఆ పక్షి 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. ముళ్లపొదల మధ్య ఖాళీ నేలలో రాత్రిపూట తిరిగే పక్షి కావడంతో, పరిశోధకులు సైతం నేలను మెత్తగా చదునుచేసి అందులో పడిన అడుగుల జాడలను బట్టి, మునిమాపువేళ వినిపించే కూతను బట్టి దాని ఉనికిని తెలుసుకోవలసి వచ్చింది. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్లకూడదు గనుక మేము బయట చేల గట్టున కూర్చొనేవాళ్లం. పొద్దుగూకిన తరువాత ఏ చప్పుడు వినబడినా అదేనేమోనని చెవులు రిక్కించడం, చివరికి అది తీతువని తేలడం, ఇదే వరస.

"పోదాం నాన్నా, ఇంక రాదులే" అనేదాన్ని.

"రాకపోతే రాకపోనీలేమ్మా, పూర్తిగా చీకటి పడనీ" అనేవారు ఆయన.

ఒక వేసవి సాయంత్రం ఆ తీతువునే దగ్గరగా చూశాను. గులకరాళ్ల మధ్య, రాళ్లేవో అవేవో తెలియనట్లుగా, మచ్చల గుడ్లు నాలుగు ఉన్నాయి. ఊరకుక్క ఒకటి అటు రాగానే, కళ్ల ముందరి ఎర్రటి తోలూ పసుపుపచ్చని కాళ్లూ స్పష్టంగా కనబడేంత కిందుగా, ఆ పక్షి మా తలల మీదుగా ఎగురుతూ గొంతు చించుకొని అరిచింది. కుక్క వెళ్లిపోయాక నీటిగుంటలో పొట్ట ఈకలు తడుపుకొని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తూ వాటి మీద కూర్చొంది. నెలల తరబడి నేను చావు కబురుగా విన్నది, పిల్లలను బ్రతికించుకోవడానికి ఒక తల్లి పెట్టే కేక.

ఆ రాత్రి బైబిలులో రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయం తీశాను. చూడనిదాని కోసం ఓపికతో కనిపెట్టుదుమని పౌలు వ్రాసిన మాటకు కాస్త పైనే, సృష్టి యావత్తూ మూలుగుతున్నదనీ, ఆత్మను పొందిన మనమూ మూలుగుతున్నామనీ ఉంది. చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన వచనాలే అయినా, మూలుగుతున్న నోటితోనే నిరీక్షణను గురించి కూడా పలకవచ్చునన్న ధైర్యం నాకు అప్పుడు కలిగింది. క్రీస్తు మృతులలోనుండి లేచినందువలన మనకున్న నిరీక్షణ నా కాలేయ పరీక్ష ఫలితాన్ని బట్టి పెరిగేదీ తరిగేదీ కాదు. విశ్వాసముంటే మూలుగు ఉండదని రోగి మంచం పక్కన చెప్పేవారు ఆ అధ్యాయాన్ని సగమే చదివారని నేను అనుకొంటాను.

మందులన్నీ ముగిశాక కఫ పరీక్షలో క్రిములు లేవని వచ్చింది. ఎక్స్‌రేలో మచ్చ మిగిలే ఉంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. కలివికోడిని నేను ఇంతవరకు చూడలేదు, దాని కూత కూడా వినలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక, ఎండ తగ్గే వేళకు ఇప్పటికీ వెళ్తుంటాం. నాన్నకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి గనుక స్కూటరు నేనే నడుపుతున్నాను.