నా వార్ఫరిన్ సంగతి ఎవరికి తెలియాలి?

కాలి పిక్కలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తుల దాకా వెళ్లింది. వారం రోజులు ఆస్పత్రిలో ఉండి, రక్తం గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ మాత్రలతో ఇంటికొచ్చాను. ఆరు నెలలు వాడాలని, రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో పరీక్ష చేసి చెప్పే అంకె, ఐఎన్‌ఆర్ 2కి 3కి మధ్య ఉండాలని చెప్పారు.

రెండో నెలలో చిగురు వాచి వేరే చోట చూపించుకున్నాను. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాశారు. వార్ఫరిన్ ఒంట్లో త్వరగా విచ్ఛిన్నం కాకుండా ఆ మందు అడ్డుపడుతుందని, రక్తం ఇంకా పలచబడుతుందని నాకు తెలియదు. నేను వార్ఫరిన్ మీద ఉన్నానని వాళ్లకు తెలియదు. వాళ్లు అడగలేదు. నొప్పికి నోరు పెగలక నేనూ చెప్పలేదు. నాలుగో రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే నురగ ఎర్రగా వచ్చింది. ఎక్కడా తగలకుండానే చేతుల మీద కమిలిన మచ్చలు. ఐఎన్‌ఆర్ 7 దాటింది. వార్ఫరిన్ ప్రభావం తగ్గించే విటమిన్ కె ఇచ్చి రెండు రోజులు ఉంచుకున్నారు. అంత టెన్షన్‌లోనూ ఇంట్లోవాళ్లు ప్లాస్టిక్ కవర్లోంచి కాగితాలు తీసి డ్యూటీ డాక్టర్ ముందు పరుస్తూనే ఉన్నారు. ల్యాబ్ స్లిప్పుల మీద అంకెలు అప్పటికే వెలిసిపోయాయి.

ఒకప్పుడు రక్తం గడ్డకట్టే సమయం చూసే ఈ పరీక్షలో ఒకే రక్తానికి, వాడే రసాయనాన్ని బట్టి, ఒక్కో ల్యాబ్‌లో ఒక్కో ఫలితం వచ్చేదట. 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆ ఫలితాలన్నిటినీ ఒకే కొలతకు తెచ్చే ఐఎన్‌ఆర్‌ను ఆమోదించింది. ఇప్పుడు ఎక్కడ చేయించినా ఆ అంకెకు ఒకటే అర్థం. అంకె విషయంలో కుదిరిన ఒప్పందం రికార్డుల విషయంలో ఎందుకు కుదరదు?

మా ప్రాంతంలోని ఆస్పత్రులు, ల్యాబులు, మందుల షాపులు రికార్డులు కలపడం మొదలుపెట్టినప్పుడు పేషెంట్ల తరఫున నేనూ కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్లు వేరైనా సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి ‘ఫైర్’ అనే ప్రమాణం ఉంది. అది ఉన్నా చిక్కు తప్పలేదు. ఒకచోట బ్రాండ్ పేరు, ఇంకోచోట అసలు పేరు రాయడంతో నా ఒక్క మాత్ర రెండు మందులుగా కనబడింది. ఆ తప్పు పట్టుకున్నది నేనే. రోజూ మింగేది నేను కదా! నా రికార్డు ఎవరు ఎప్పుడు తెరిచారో నాకు కనబడాలని అడిగితే వెంటనే ఒప్పుకున్నారు. ‘ఈ మందు ఇప్పుడు వాడట్లేదు’ అని నేనే రాసుకునే చోటు కావాలంటే మాత్రం డాక్టర్లు తటపటాయించారు, తప్పు రాస్తే ఎలా అని. పేషెంటు రాసినట్టు పక్కనే కనబడేలా పెట్టమన్నాను. నాలుగు మీటింగుల తర్వాత పెట్టారు.

ఆరు నెలలయ్యాక డాక్టర్ మందు ఆపమన్నారు. ఆపిన తేదీ ఆ రాత్రే నమోదు చేశాను. మొన్న మళ్లీ పంటికి వెళితే అక్కడి డాక్టర్ ముందు స్క్రీన్ చూసి, “వార్ఫరిన్ పూర్తిగా ఆపేశారు కదండీ?” అని అడిగారు. నేను అవునన్నాకే మందు రాశారు.