పొడుగు చూసి మోసపోకండి

టెన్త్ ఇంగ్లీషు పేపర్లు దిద్దుతుంటే మళ్లీ అదే తప్పు: మాటల గుంపు పొడుగ్గా ఉంటే క్లాజ్, పొట్టిగా ఉంటే ఫ్రేజ్ అనేసుకోవడం.

‘డ్యూరింగ్ ద సిరిమాను ఫెస్టివల్ ఎట్ ద పైడితల్లి టెంపుల్ ఇన్ విజయనగరం’. పది మాటలు, అయినా ఫ్రేజే. ‘వెన్ సిరిమాను మూవ్స్’. మూడే మాటలు, కానీ క్లాజ్. సబ్జెక్ట్ (పని చేసేది), దానికి కాలం చూపే వెర్బ్ (క్రియ), రెండూ ఉన్నాయి కదా. అవి రెండూ లేకపోతే ఫ్రేజే.

వెర్బ్ కాలం చూపుతుందో లేదో తేలాలంటే, దాన్ని ‘నిన్న’కి మార్చి చూడండి. మూవ్స్ కాస్తా మూవ్డ్ అవుతుంది. ‘స్టాండింగ్ నియర్ గంటస్తంభం’లో స్టాండింగ్ మారదు, కాబట్టి అది ఫ్రేజే. ఎక్కువమంది బోల్తా పడేది ఈ ‘ఇంగ్’ దగ్గరే. ‘టు’ పక్కనున్న వెర్బ్‌దీ అదే దారి. పుట్, కట్ లాంటివి నిన్నకీ మారవు. వాటికి ముందు ‘హీ’ పెట్టి, ‘ఎస్’ చేరుతుందేమో చూడాలి.

అసలు చిక్కు మన తెలుగులోనే ఉంది. ‘వాన వెలిశాక’లో వెలిశాక నిన్నకీ రేపటికీ ఒకటే. ఇంగ్లీషులో ‘ఆఫ్టర్ ద రెయిన్’ ఫ్రేజ్, ‘ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్’ క్లాజ్. ‘ఆఫ్టర్’ని చూసి తేల్చేస్తే తప్పుతుంది, దాని వెనకాల ఏముందో చూడాలి.

అన్నట్టు, ‘సిట్ డౌన్’ కూడా క్లాజే. ‘యూ’ దాక్కుంది, అంతే.